అవి బుడగలు కావు, వెన్ను తీయని పైరు

(నెల్లూరులోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో విద్యార్థినులు, వారి తల్లుల కోసం జరిగిన సమావేశంలో పీసీఓఎస్ గురించి ఒక స్త్రీ వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చెడకుండా అచ్చులోకి తెచ్చాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అమ్మలు కొంచెం ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఇది సభ అనుకోవద్దు. ఓపీలో ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే మాటే ఇవాళ అందరికీ కలిపి చెప్తాను. ఓపీలో అయిదు నిమిషాలకే బయట నర్సు తలుపు కొడుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు.

మా దగ్గరికి వచ్చే తల్లీకూతుళ్లు ఎలా వస్తారో ముందు చెప్తాను. తల్లి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగ్ రిపోర్టు. కుర్చీలో కూర్చోకముందే కవరు నా టేబుల్ మీద పెట్టేస్తుంది. "బుడగలు ఇరవై దాకా ఉన్నాయంట మేడమ్. ఆపరేషన్ చేసి తీసేస్తారా, మాత్రలకు కరుగుతాయా?" కూతురు మాట్లాడదు. మొన్నామధ్య వచ్చిన అమ్మాయి చున్నీ కొసను గడ్డం మీదుగా తెచ్చి చేత్తో పట్టుకుని కూర్చుంది. అది మే నెల, బయట నెల్లూరు ఎండ. నేను పావుగంట మాట్లాడాక, అమ్మను మందుల చీటీకని బయటికి పంపాక, అప్పుడు చున్నీ దించింది. గడ్డం కింద పట్టకారుతో పీకీ పీకీ చిన్న చిన్న నల్లమచ్చలు. రోజూ కాలేజీకి వచ్చే ముందు బాత్రూములో ఇరవై నిమిషాలు అదే పని అట. రిపోర్టులో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. తల్లికి కూడా తెలియదు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. పీసీఓడీ అనండి, పీసీఓఎస్ అనండి, ఇంగ్లీషులో పాలీసిస్టిక్ ఓవరీ, అంటే అండాశయం నిండా బుడగలని అర్థం. ఈ జబ్బును స్కానింగ్ కాగితంలో వెతుకుతున్నాం. అది ఉన్నది క్యాలెండర్‌లో, గడ్డం మీద, మెడ వెనకాల, రక్తంలో.

ముందు ఆ బుడగల సంగతి తేల్చేద్దాం. ఈ హాల్లో సగం మంది ఇళ్లలో వరి తెలిసినవాళ్లే కదా? మొలగొలుకుల బియ్యం పేరు చెప్పుకుని బతికిన జిల్లా మనది. వరి నాటాక పిలకలు తొడుగుతుంది. తర్వాత పొట్టకొస్తుంది. తర్వాత వెన్ను, అంటే కంకి, బయటికొస్తుంది. అండాశయంలోనూ ఇంచుమించు ఇదే. ప్రతి నెలా కొన్ని చిన్న చిన్న అండపు సంచులు పెరగడం మొదలుపెడతాయి. అందులో ఒకటి ముందుకొచ్చి 18, 20 మిల్లీమీటర్ల దాకా పెరిగి పగులుతుంది, అండం బయటికొస్తుంది. అలా అండం విడుదలైన రెండు వారాలకు నెలసరి వస్తుంది. పీసీఓఎస్‌లో ఏమవుతుందంటే, సంచులు గుంపుగా బయల్దేరతాయి కానీ 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. ఏదీ పొట్టకు రాదు, ఏదీ వెన్ను తీయదు. స్కానింగ్‌లో నల్లగా గుండ్రంగా కనిపించేవి ఇవే. ఒక్కొక్క దానిలో ఒక్కో అండం ఉంది. అవి చెడ్డ గడ్డలు కావు, తీసేయాల్సినవీ కావు, పగిలి ప్రాణం మీదకు తెచ్చేవీ కావు. ఎవరైనా "బుడగలు కరిగించే మందు" అమ్ముతున్నారంటే మీ అండాలను కరిగిస్తామంటున్నారని అర్థం! (నవ్వులు)

మరి ఆ పేరు ఎందుకొచ్చింది? 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు ఆడవాళ్ల గురించి రాశారు. నెలసరి రాని, పిల్లలు లేని ఆడవాళ్లు, కొందరికి ఒంటి మీద వెంట్రుకలు. పొట్ట కోసి చూస్తే అండాశయాలు పెద్దవై ఉన్నాయి. అందులో ముక్క కోసి తీశారు, నెలసరి మళ్లీ వచ్చింది. దాంతో జబ్బు అండాశయంలోనే ఉందని పేరు అక్కడ అతుక్కుపోయింది. తొంభై ఏళ్లయింది, పేరు వదల్లేదు. నిజం చెప్పాలంటే నా మొదటి రోజుల్లో నేనూ ఈ తప్పు చేశాను. "నీటి బుడగలున్నాయమ్మా" అనేసి చీటీ రాసి పంపేదాన్ని. ఒకావిడ మూడు నెలలకోసారి డబ్బు కట్టి, వద్దన్నా స్కానింగ్ చేయించుకుని, బుడగలు ఎన్ని తగ్గాయో లెక్కపెట్టుకుని వచ్చేది. ఆ లెక్క ఆమె తలలోకి ఎక్కించింది నేనే.

అసలు కథ ఎక్కడ మొదలవుతుందంటే చాలామందిలో ఇన్సులిన్ దగ్గర. ఇన్సులిన్ అంటే షుగర్ జబ్బుకు ఇచ్చే ఇంజెక్షన్ అనుకుంటారు. అది మన ఒంట్లో క్లోమం రోజూ తయారుచేసేదే. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరను కండల్లోకి పంపిస్తుంది. కొంతమందిలో కండలు దాని మాట సరిగ్గా వినవు. వినకపోతే క్లోమం ఏం చేస్తుంది? ఇంకా ఎక్కువ వదులుతుంది. ఒకసారికి వినని పిల్లను నాలుగుసార్లు పిలిచినట్టు. కండలు వినకపోయినా అండాశయం మాత్రం ఆ కేకలన్నీ వింటుంది. ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయం మగ హార్మోన్‌ను ఎక్కువగా చేస్తుంది. మగ హార్మోన్ ఆడవాళ్లందరిలోనూ కొద్దిగా ఉంటుంది, కంగారు పడకండి. దాన్ని రక్తంలో కట్టిపెట్టి ఉంచే ఒక ప్రొటీన్ కాలేయంలో తయారవుతుంది. ఇన్సులిన్ ఎక్కువైతే ఆ ప్రొటీన్ కూడా తగ్గుతుంది. అంటే దొంగలు పెరిగారు, కాపలా తగ్గింది. ఆ హార్మోనే గడ్డం మీద వెంట్రుక, ముఖం మీద మొటిమ, నడినెత్తిన జుట్టు పలచబడటం. అదే అండపు సంచుల్ని మధ్యలో ఆపేసేది. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి సంకేతాలు కూడా ఇందులో గతి తప్పుతాయి, అది ఇవాళ వదిలేద్దాం.

మళ్లీ పొలానికే వస్తాను. యూరియా ఎక్కువ చల్లితే పైరు ఏమవుతుంది? ఏపుగా, నల్లపచ్చగా, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. గింజ దగ్గరికొచ్చేసరికి తాలు. ఎక్కువైన ఇన్సులిన్ అండాశయానికి అలాంటి యూరియా అనుకోండి. ఇక్కడ రైతు ఏం చేస్తాడు? పిలకలు పీకేయడు. యూరియా తగ్గిస్తాడు. అందుకే మేం బుడగలు తీయం, ఇన్సులిన్ తగ్గే దారి చూస్తాం.

ఈ ఇన్సులిన్ ఎక్కువైన గుర్తు మెడ వెనక కనిపిస్తుంది. మెడ మడతల్లో, చంకల్లో చర్మం నల్లబడి మందంగా, వెల్వెట్ గుడ్డలా అవుతుంది. అమ్మలు దాన్ని మురికి అనుకుని సున్నిపిండి పెట్టి, పీచు పెట్టి రుద్దుతారు. పాపం ఆ పిల్ల మెడ ఎర్రగా కందిపోతుంది కానీ నలుపు పోదు. అది మురికి కాదమ్మా, రుద్దొద్దు. షుగర్ పరీక్ష చేయించండి. ఇంకో మాట, లావుగా ఉన్నవాళ్లకే ఇది వస్తుందనుకోవద్దు. సన్నగా, గాలేస్తే ఎగిరిపోయేలా ఉన్న అమ్మాయిలకూ ఉంటుంది. వాళ్లకు జబ్బు తేలడం ఇంకా ఆలస్యం, ఎందుకంటే ఎవరూ అనుమానించరు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు కనే వయసు ఆడవాళ్లలో నూటికి 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. అందులో 70 శాతం దాకా తమకు ఉందనే తెలియకుండా బతుకుతున్నారు. ఈ హాల్లో రెండొందల మంది ఉన్నారనుకుందాం. మీరే లెక్క వేసుకోండి.

ఇక గుర్తించడం. పెద్దవాళ్లలో మూడు విషయాలు చూస్తాం. నెలసరి గతి తప్పడం ఒకటి. మగ హార్మోన్ ఎక్కువైనట్టు ఒంటి మీదో రక్తంలోనో కనబడటం ఇంకొకటి. స్కానింగ్‌లో అండాశయం అలా ఉండటం, లేదా ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష ఎక్కువగా రావడం మూడోది. మూడింట్లో రెండుంటే చాలు. అంటే మొదటి రెండూ ఉన్న ఆవిడకు జబ్బు పేరు పెట్టడానికి స్కానింగ్ అక్కర్లేదు.

ఇప్పుడు మీ వయసు వాళ్ల సంగతి జాగ్రత్తగా వినండి. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఏమంటాయంటే, పెద్దమనిషై ఇంకా ఎనిమిదేళ్లు నిండని అమ్మాయికి ఈ జబ్బు తేల్చడానికి స్కానింగ్ వాడొద్దు, ఏఎంహెచ్ వాడొద్దు అని. ఎందుకంటే ఆ వయసులో మంచి ఆరోగ్యంగా ఉన్న పిల్లల అండాశయాలు కూడా అలాగే నిండుగా కనిపిస్తాయి. పన్నెండేళ్లకు పెద్దమనిషైన పిల్లకు ఇరవై దాకా అన్నమాట. ముందు వరసలో కూర్చున్న ఫస్టియర్ అమ్మాయిలందరూ ఈ లెక్కలోకే వస్తారు. మీకు నెలసరి తేడా, మగ హార్మోన్ లక్షణం, ఈ రెండూ ఉంటేనే పీసీఓఎస్ అంటాం. ఒక్కటే ఉంటే పేరు పెట్టం, కొన్నాళ్లు చూస్తాం. కడుపునొప్పి తట్టుకోలేనంత ఉన్నా, రక్తస్రావం విపరీతంగా ఉన్నా స్కానింగ్ కావాలి, అది వేరే కారణం.

నెలసరి తేడా అంటే ఎంత? పెద్దమనిషైన మొదటి ఏడాది అటూ ఇటూ అవడం మామూలే. ఏడాది నుంచి మూడేళ్ల దాకా 21 నుంచి 45 రోజుల మధ్య వస్తే పర్లేదు. మూడేళ్లు దాటాక 21 నుంచి 35 రోజులు. ఏడాదికి ఎనిమిది సార్లు కూడా రాకపోతే తేడా ఉన్నట్టే. మొదటి ఏడాది తర్వాత ఎప్పుడైనా సరే ఒక్కసారి 90 రోజులు దాటినా చూపించాలి. పదిహేనేళ్లొచ్చినా అసలు పెద్దమనిషి కాకపోతే ఆగకుండా తీసుకురండి.

90 రోజుల మాట ఎందుకు పట్టుకున్నానంటే, "రాకపోతే హాయి, గుడికి పోవచ్చు, పరీక్షలు రాసుకోవచ్చు" అనుకునే అమ్మాయిలున్నారు. నాకు తెలుసు, నేనూ ఆ వయసులో అలాగే అనుకున్నాను. నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర ఊడిపోకుండా పేరుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి అలా వదిలేస్తే ఆ పొర కణాలు మారిపోయి, వయసు పెరిగాక క్యాన్సర్‌కు దారితీసే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. అందుకే మూడు నెలలకోసారైనా మందు ఇచ్చి ఆ పొరను ఊడేలా చేస్తాం. పెళ్లి కాలేదు, పిల్లలతో పని లేదు, అప్పుడే మందులెందుకు అనే ప్రశ్నకు జవాబు ఇదే.

పరీక్షల దగ్గర డబ్బు వృథా చేసుకోకండి. థైరాయిడ్, పాల హార్మోన్ అయిన ప్రొలాక్టిన్ చూడాలి, అవి తేడా ఉన్నా నెలసరి ఇలాగే తప్పుతుంది. అడ్రినల్ గ్రంథిలో లోపం ఉందేమోనని 17 హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్, మగ హార్మోన్ ఎంతుందోనని టెస్టోస్టిరాన్ చూస్తాం. 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు చేసే షుగర్ పరీక్ష తప్పనిసరి అంటాను నేను. పరగడుపు షుగర్ ఒక్కటే చూస్తే తప్పించుకుపోయేవాళ్లు చాలామంది. కొలెస్ట్రాల్, బీపీ. "ఫాస్టింగ్ ఇన్సులిన్" అని ప్యాకేజీల్లో కలిపేస్తారు, మామూలుగా దాని అవసరం లేదు. అన్నిటికంటే ముఖ్యం, గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయి, రెండు మూడు నెలల్లోనే గడ్డం మీసం గబగబా వచ్చేస్తే అది పీసీఓఎస్ అనుకుని కూర్చోవద్దు. అరుదుగా అది గడ్డ వల్ల కావచ్చు, ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇప్పుడు తిండి. ఇక్కడే నాతో అందరూ పోట్లాడతారు. నెల్లూరు వచ్చి అన్నం మానేయమని చెప్పే ధైర్యం నాకు లేదు! (నవ్వులు) మానేయనక్కర్లేదు కూడా. ఈ జబ్బుకు ఫలానా తిండే గొప్పదని ఇప్పటిదాకా తేలలేదు. తేలింది ఏమిటంటే, మీరు ఏళ్ల తరబడి నిలబెట్టుకోగలిగిందే మంచిది. ఒక హాస్టల్లో మధ్యాహ్నం భోజనం చూశాను. కంచంలో మూడు గరిటెల తెల్లన్నం, దాని పక్కన బొటనవేలంత కూర, నీళ్ల సాంబారు, చివర మళ్లీ పెరుగులోకి ఇంకో గరిటె. కంచం తిరగేయండి. ముందు కూర సగం కంచం, తర్వాత పప్పో గుడ్డో చేపో ఒక పావు, మిగిలిన పావులో అన్నం. మన చేపల పులుసు బంగారం. చేప మంచిదే, పులుసూ మంచిదే. ఆ పులుసు కోసం మళ్లీ మళ్లీ కలుపుకునే అన్నంతోనే పేచీ. అన్నం ఒకసారి పెట్టుకుని, ఇంకో చేప ముక్క అడగండి.

చిరుధాన్యాల గురించి అడుగుతారని తెలుసు. కనిగిరి, పొదిలి వైపు మా అత్తగారి తరం సజ్జ సంగటి, జొన్నన్నం తిని పొలంలో వంగి పనిచేసింది. ఇప్పుడు అదే సజ్జను ఖరీదైన ప్యాకెట్లో కొని, ఏసీలో కూర్చుని తింటున్నాం. పీచు ఎక్కువ కాబట్టి తెల్లన్నం కంటే మెరుగే. కానీ కొర్రన్నం నాలుగు గరిటెలు తింటే అది మందైపోదు. పైగా వేసవిలో తాగే కూల్‌డ్రింకులు, చెరుకు రసాలు కడుపు నింపవు, చక్కెర మాత్రం నింపుతాయి. గూడూరు నిమ్మకాయ ఊరంతా దొరుకుతుంది. ఉప్పేసుకుని తాగండి, పంచదార డబ్బా దూరం పెట్టండి.

బరువు గురించి ఒక్క మాటే. 70 కిలోలున్న అమ్మాయి 50కి రావాలని ఎవరూ అనట్లేదు. నూటికి అయిదు శాతం, అంటే మూడున్నర కిలోలు తగ్గినా చాలామందిలో నెలసరి దారిలో పడటం చూస్తాం. తూకం కంటే టేపు మంచిది. నడుము 80 సెంటీమీటర్లు దాటుతుంటే జాగ్రత్త పడండి. అమ్మలకు నా మనవి, బంధువుల ముందు "దీనికి ఒళ్లొచ్చింది" అనకండి. ఈ జబ్బున్న అమ్మాయిల్లో దిగులు, ఆందోళన ఎక్కువగా ఉంటాయి. అది వాళ్ల మొండితనం అనుకోకండి. నిద్ర పట్టట్లేదు, దేని మీదా మనసు లేదు అంటే అది కూడా డాక్టర్‌కు చెప్పాల్సిన లక్షణమే.

వ్యాయామం వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలైతే రోజుకు గంట. నడకతో పాటు వారానికి రెండు రోజులు కండకు పని పడాలి. కండ గట్టిపడితే ఇన్సులిన్ మాట వింటుంది, అదీ అసలు రహస్యం. జిమ్ లేదంటారా, గుంజీలు తీయండి. బడిలో మాస్టారు శిక్షగా వేయించినవే.

మందులు. నెలసరికీ, వెంట్రుకలకీ, మొటిమలకీ ముందుగా వాడేవి రెండు హార్మోన్లు కలిసిన మాత్రలు. అవి గర్భనిరోధక మాత్రలే. అట్ట మీద అది చదివి తండ్రి ఫోన్ చేసి అరిచిన రోజులున్నాయి, "పెళ్లికాని పిల్లకు ఏం రాశావమ్మా" అని. జ్వరం మాత్ర తలనొప్పికి వాడమా? అలాగే. వీటివల్ల తర్వాత పిల్లలు పుట్టరన్నది అబద్ధం. కానీ అందరికీ పడవు. కళ్ల ముందు మెరుపులొచ్చే మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర, ఎక్కువ బీపీ ఉన్నవాళ్లకు ఇవ్వం. అందుకే పక్కింటి అమ్మాయి చీటీతో మీరు కొనొద్దు. మెట్‌ఫార్మిన్ ఇన్సులిన్ పని సులువు చేస్తుంది. మొదట్లో కడుపు తిప్పుతుంది, విరేచనాలవుతాయి. అన్నంతో పాటు తక్కువ మోతాదులో మొదలుపెడితే సర్దుకుంటుంది. ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ చూపించుకోవాలి. వెంట్రుకలకు మాత్రం ఓపిక కావాలి. ఏ మందైనా ఆరు నెలలకు గానీ తేడా చూపదు. ఆ లోపల థ్రెడింగో లేజరో చేయించుకోండి, సిగ్గేమీ లేదు.

పిల్లల విషయం. పీసీఓఎస్ అంటే గొడ్రాలు అని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. అండం ఉంది, విడుదల ఆలస్యం, అంతే. లెట్రోజోల్ అనే మాత్ర కొన్ని రోజులు వేసుకుంటే చాలామందిలో అండం విడుదలవుతుంది, ఇవాళ మొదట వాడేది అదే. స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగకు సంతాన రొట్టె పట్టుకోవడానికి ఎంత దూరం నుంచో వస్తారు, నా పేషెంట్లు కూడా. నేనెప్పుడూ వద్దనలేదు. రొట్టె పట్టుకుని రండి, మాత్ర కూడా మానకండి అంటాను. గర్భం వచ్చాక షుగర్ పరీక్ష మొదట్లోనే చేయించాలి, వీళ్లలో గర్భిణీ షుగర్ ఎక్కువ.

ఇంక మీ ప్రశ్నలు అడగండి. అమ్మా, మీరు చెప్పండి.

"పెళ్లి చేస్తే సర్దుకుంటుందంటారు మేడమ్. నిజమేనా?"

పెళ్లి వల్ల ఇన్సులిన్ తగ్గదమ్మా. కొత్త కోడలికి ఇంకో రెండు గరిటెల అన్నం ఎక్కువే వడ్డిస్తారు. (నవ్వులు) చాలామందికి వయసు పెరిగే కొద్దీ, ముప్పై అయిదు దాటాక, నెలసరి తనంతట తనే దగ్గరపడుతుంది. పెళ్లయింది కాబట్టి తగ్గిందనుకుంటారు. షుగర్ ముప్పు మాత్రం అలాగే ఉంటుంది.

"సంబంధం కుదిరింది. అబ్బాయి వాళ్లకు చెప్పాలా?"

చెప్పాలో వద్దో మీ అమ్మాయి నిర్ణయం, మీదీ నాదీ కాదు. నన్నడిగితే, ఆమే ఆ అబ్బాయికి నేరుగా చెప్పుకోవడం మంచిది. మధ్యవర్తి నోట్లో పడితే బుడగలు ఇరవై కాస్తా నలభై అవుతాయి.

"మాత్రలు ఆపితే మళ్లీ మొదటికొస్తుందా?"

రావచ్చు. కళ్లజోడు తీస్తే మళ్లీ మసకే కదా తల్లీ. ఈ జబ్బు చాలావరకు కుటుంబంలోంచి వచ్చేది, కడిగేస్తే పోయేది కాదు, అదుపులో పెట్టుకునేది. "ఇరవై ఒక్క రోజుల్లో మాయం" అనే పొడులు ఫోన్‌లో ఎన్ని కనబడినా అంతే. మీ అక్కచెల్లెళ్లకు ఉందేమో కూడా కనుక్కోండి. నాన్నకు, అన్నకు షుగర్ చూపించండి.

వెనక టేబుల్ మీద బీపీ మిషను, టేపు ఉన్నాయి. వరసలో రండి. అక్కడ నీలం చుడీదార్ అమ్మాయి, ఇందాకటి నుంచి కవరు పట్టుకుని నిలబడ్డావు, ముందు నువ్వు రా తల్లీ. కవరు బ్యాగులోనే ఉండనీ. పోయినసారి డేట్ ఎప్పుడొచ్చిందో, అంతకు ముందుది ఎప్పుడో, అది చెప్పు.